రోములో కొన్న ఇత్తడి నాణెం

మా అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో చేద్దామనుకున్నాక బీరువాలోంచి మా అత్తగారి కాసులపేరు తీశాను. అది ఆవిడకు వాళ్ళమ్మగారు పెట్టినది. కాసుల మీది లక్ష్మీదేవి ముఖం అరిగి అరిగి ముక్కూ కళ్ళూ ఆనవాలు కూడా లేవు. మా ఊళ్ళో నగలు చేసే ఆయన చూసి, "ఉలితో అమ్మవారి ముఖం మళ్ళీ తీరుస్తానమ్మా, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. "చెల్లెలి దగ్గరికి వెళ్ళొచ్చి ఇస్తాను" అన్నాను. మా చెల్లెలు వాళ్ళుండేది రోములో. ఆ ప్రయాణం నా మనసు మార్చేసింది. ఎలాగో చెబుతాను వినండి.

నేను వెళ్ళింది 2023 అక్టోబరులో. అక్కడ పోర్తా పోర్తెసే అనే చోట ఆదివారం ఆదివారం పెద్ద సంత జరుగుతుంది. అచ్చం మన వారపు సంతే! పాత బట్టలు, చెప్పులు, గిన్నెలు, ఎవరింట్లోవో పెళ్ళి ఫొటోలు, అన్నీ రోడ్డు మీదే పరిచి అమ్ముతున్నారు. ఒకచోట గుడ్డ మీద పాత నాణేలు పోసి ఉన్నాయి. అందులో ఒకటి నన్ను పట్టేసింది. మన పాత వెండి రూపాయి కంటే కాస్త పెద్దది. గడ్డం ఉన్న చక్రవర్తి, తల మీద ఆకుల దండ, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేలా ఉంది. హేడ్రియన్ చక్రవర్తి కాలానిదట, అంటే పందొమ్మిది వందల ఏళ్ళ నాటిది! ఎనభై యూరోలన్నాడు. బేరమాడి యాభైకి తీసుకున్నాను. మన డబ్బులో 4,400 రూపాయలు. పెళ్ళికూతురికి పిన్నిగారి ఊరి కానుక అనుకుని మురిసిపోయాను.

మా చెల్లెలి కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు, రిటైరైన మాస్టారు. ఆయనకు నాణేల పిచ్చి అని మరిది చెబితే సాయంత్రం చూపించడానికి వెళ్ళాం. చెల్లెలు డబ్బాలో జంతికలు కూడా పట్టుకొచ్చింది. ఆయన జంతిక నములుతూనే భూతద్దం పెట్టి చూసి నవ్వేశారు. చెల్లెలు తెలుగులో చెప్పిన మాట ఇది: "నాణెం అసలుదే. ముఖం మాత్రం మొన్నటిది."

నా గుండె జారిపోయింది. ఆయన ఓపిగ్గా చూపించారు. ఈ నాణేన్ని సెస్టెర్టియస్ అంటారు. రాగి, జింకు కలిసిన ఇత్తడి. మన ఇత్తడి బిందె లాగే దానికీ చిలుము పడుతుంది, చేతులు మారేకొద్దీ బొమ్మ అరుగుతుంది. అరిగినదానికి ధర రాదు. అందుకని సన్నని ఉలితో జుట్టు, ఆకులు, అక్షరాలు మళ్ళీ చెక్కుతారు. చుట్టూ ఉన్న గరుకును గీకి నున్న చేస్తారు. ఆపైన మందులు పూసి చిలుము రంగు తెప్పిస్తారు. భూతద్దంలో చూస్తే బుగ్గ అరిగిపోయి ఉంది, జుట్టు మాత్రం నిన్న దువ్వినట్టుంది! అక్షరాల పక్కన వరసగా సన్నని గీతలు. ఒక్కోసారి పేరులో అక్షరాలు మార్చి మామూలు నాణేన్ని అరుదైన రాజు నాణెంగా కూడా చేసేస్తారట.

విచిత్రమేమిటంటే, ఆయన పోగుచేసేది ఇలా మనుషులు చెయ్యి పెట్టి మార్చిన నాణేలనే. "మంచివాటి వెనక అందరూ పడతారు. వీటి వెనక మనుషులున్నారు" అన్నారు. ఒకటి అరచేతిలో పెట్టారు. ఇప్పటి టర్కీలోని స్ట్రటొనికేయా అనే పాత పట్టణానిది. ఒక పక్క కేరకల్లా ముఖం. ఎదురుగా అతని తమ్ముడు గేటా ముఖం ఉండాల్సిన చోట ఉత్త గీకుడు. తండ్రి పోయిన 211వ సంవత్సరం చివరలోనే కేరకల్లా తమ్ముణ్ణి చంపించాడు. తల్లి జూలియా డోమ్నా ఒడిలోనే ఆ పిల్లవాడు ప్రాణం విడిచాడట. తల్లిని ఏడవనివ్వలేదని డియో అనే ఆనాటి చరిత్రకారుడు రాశాడు. తర్వాత ఊరూరా గేటా పేరూ బొమ్మా చెరిపించారు.

మర్నాడు పాత రోము శిథిలాల మధ్య ఉన్న సెప్టిమియస్ సెవెరస్ తోరణం చూడ్డానికి వెళ్ళాం. ఆయన ఈ అన్నదమ్ముల తండ్రి. 203లో కట్టిన పెద్ద పాలరాతి తోరణం. పైన రాతలో నాలుగో వరస చూడమని మాస్టారు చెప్పి పంపారు. అక్కడ గేటా పేరు తీసేసి వేరే పొగడ్తలు చెక్కారు. కానీ పాత కంచు అక్షరాలు బిగించిన బెజ్జాలు ఇంకా కనిపిస్తున్నాయి! ఎండలో మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాను. చెరిపినవాడికి తెలియలేదు, ఆ బెజ్జాలే పిల్లవాడి గుర్తుగా మిగిలాయని.

మాస్టారు ఇంకో పుస్తకం తెరిచి నన్ను ఆశ్చర్యపరిచారు. అందులో మన దక్షిణాది ఉంది. 1898లో తమిళనాడులోని పుదుక్కోటై దగ్గర 501 రోమను బంగారు నాణేలు దొరికాయి. చాలావాటిలో చక్రవర్తి ముఖం మీద ఉలితో గాటు పెట్టారు. అలా చేస్తే అది నాణెంగా చెల్లక ఉత్త బంగారంగానే లెక్కకొస్తుందని ఒక వివరణ. ఇంకొన్ని చోట్ల దొరికినవాటికి రాజు తల పైన రెండేసి బెజ్జాలున్నాయి, మెడలో వేసుకుంటే బొమ్మ నిటారుగా కనబడేలా. "ఇది మా కాసులపేరే కదండీ!" అని అరిచేశాను. చెల్లెలు చెప్పకుండానే ఆయనకు అర్థమైంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గాటు పెట్టిన వర్తకుడు, బెజ్జం వేయించుకున్న ఇల్లాలు, కసితో గీకించిన అన్న, ఎవరు చేసిన పని వాళ్ళ నాణెం మీద తెలుస్తూనే ఉంది. నేను కొన్నదాని మీద పని మాత్రం తెలియకూడదనే చేశారు. మరి నేను మా అత్తగారి కాసులకు చేయించబోయింది ఏమిటి?

ఇటలీ నుంచి పాతకాలపు వస్తువులు కాగితాలు లేకుండా తీసుకురాకూడదట. నా హేడ్రియన్‌ని మాస్టారి పెట్టెలోనే వదిలేశాను. "భారతదేశపు అమ్మగారు మోసపోయిన నాణెం" అని చీటీ రాసి పెట్టారు, నవ్వుతూ.

ఇంటికొచ్చాక నగలాయనతో ముఖాల జోలికి పోవద్దని చెప్పి, విరిగిన కొక్కేలు మాత్రం బాగుచేయించాను. పెళ్ళిలో మా ఆడపడుచు చూసి, "కాసులు అరిగిపోయాయేమిటి వదినా?" అంది. "మీ అమ్మగారి మెడలోనూ, మీ అమ్మమ్మగారి మెడలోనూ అరిగినవి" అన్నాను. ఆవిడ ఒక కాసు చేతిలోకి తీసుకుని బొటనవేలితో చాలాసేపు నిమిరింది.

మీ ఇళ్ళలో పాత రాగి, ఇత్తడి నాణేలుంటే చింతపండు పెట్టి తోమకండి. చిలుము పోతే దాని వయసు పోయినట్టే. మెత్తని పొడి గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి దాచండి. అరిగిన ముఖమైనా సరే, అది దాని సొంత ముఖం.