టాపు మూసి చూడాల్సిన కార్లు

కైకలూరులో డబ్బు చెరువుల్లో పుడుతుంది. బొచ్చె, శీలావతి, ఫంగస్, రూప్‌చంద్, పట్టుబడికి ఏ చేప వచ్చినా ట్రేల్లో సర్ది, ఐసు కొట్టి, లారీ ఎక్కించాల్సిందే. ఆ లారీలు కోల్‌కతా దాకా, అస్సాం దాకా పోతాయి. రేటు బాగున్న ఏడు రైతు చెరువు బాగు చేయిస్తాడు, ఇల్లు కడతాడు, పిల్లల్ని అమెరికా పంపుతాడు. ఇవన్నీ అయ్యాక మా బావ టాపు తీసి నడిపే కారు కొంటానన్నాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. వయసంతా రాత్రిళ్లు చెరువు గట్ల మీద ఏరేటర్ల చప్పుడు వింటూ గడిపిన మనిషి తన కోసమని అడిగిన మొదటి కోరిక అది. కార్ల గురించి రాయడం నా పని కాబట్టి నాకు కబురొచ్చింది.

సంక్రాంతికి ముందే వెళ్లాను. గుడివాడ, ముదినేపల్లి దాటి 165వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే రెండు వైపులా నీళ్లే. కైకలూరు 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ, ఊరి లెక్కలు ఇప్పటికీ ఎకరాల్లో, టన్నుల్లో, కిలో రేట్లలోనే నడుస్తాయి. బావ కూడా అలాగే ఒక పుస్తకంలో కార్ల లెక్కలు రాసి పెట్టుకున్నాడు. తవుడు బస్తాల లెక్క ఒక పేజీ, పక్క పేజీలో బీఎండబ్ల్యూ.

మూడు బళ్లు రాసుకున్నాడు. బీఎండబ్ల్యూ జడ్4 ఎం40ఐ: మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 340 హార్స్‌పవర్, నిలబడ్డ చోటు నుంచి వంద అందుకోవడానికి 4.5 సెకన్లు. 2023లో ఈ రూపంలో మన దగ్గరికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 89.30 లక్షలు. రెండోది మెర్సిడెస్ సీఎల్‌ఈ 300 క్యాబ్రియోలే: రెండు లీటర్ల ఇంజను, 258 హార్స్‌పవర్, 2024 ఆగస్టులో విడుదలైనప్పుడు 1.10 కోట్లు. మూడోది మెర్సిడెస్ ఏఎంజీ ఎస్‌ఎల్ 55: నాలుగు లీటర్ల వీ8, 476 హార్స్‌పవర్, 2023 జూన్‌లో 2.35 కోట్లు. మూడూ విదేశంలో పూర్తిగా తయారై ఓడలో దిగేవే. బీఎండబ్ల్యూ ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి, మెర్సిడెస్‌లు రెండూ జర్మనీలోని బ్రెమెన్ నుంచి. కస్టమ్స్ సుంకం ధరలోనే కలిసి ఉంటుంది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు ఆ పైన.

‘‘చిన్న బెంజికి ఇంత పెట్టి ఇంత తక్కువ పవరేంట్రా?’’ అన్నాడు బావ. అతని చూపంతా హార్స్‌పవర్ మీదే ఉంది.

‘‘ఆ పవరు ఎక్కడ వాడతావు బావా? ఆకివీడు దాకా చేపల లారీ వెనకే కదా వెళ్లేది.’’

‘‘వారానికోసారి హైవే ఎక్కుతాను.’’

‘‘సరే, టాపు ఎప్పుడు తీస్తావు?’’

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. ఇద్దరం కూర్చుని క్యాలెండరు తిప్పాం. మార్చి నుంచి జూన్ దాకా ఎండ, ఉక్క. జులై నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు కురుస్తుందో తెలియని వాన. మిగిలింది నవంబరు నుంచి ఫిబ్రవరి, అందులోనూ పొద్దున, సాయంత్రం. రాత్రి తీయడానికి లేదు. చెరువుల మధ్య లైట్లు వేసుకుని వెళ్తే కళ్లలో, నోట్లో పురుగులే. అంటే ఈ కారు బతుకులో ఎక్కువ భాగం టాపు మూసుకునే ఉంటుంది. మూసి ఉన్నప్పుడు ఏది మంచి కారో అదే కొనాలి. నేను కైకలూరు వెళ్లి చెప్పదలచుకున్న మాట ఇదే. షోరూముల్లో దీనికి సరిగ్గా తిరగేసి చూపిస్తారు. మీట నొక్కి, టాపు మడుచుకుంటుంటే చప్పట్లు కొట్టిస్తారు. జడ్4 టాపు పది సెకన్లలో, గంటకు 50 కిలోమీటర్ల వేగం దాకా తెరుచుకుంటుంది. ఎస్‌ఎల్‌కి 15 సెకన్లు, సీఎల్‌ఈకి 20, రెండూ 60 కిలోమీటర్ల వేగం దాకా. పది సెకన్లా ఇరవయ్యా అన్న తేడా మొదటి వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

టాపు సంగతి తెలిసిన మనిషి ఊళ్లోనే ఉన్నాడని అక్క గుర్తు చేసింది. జీపు టాపులు, ట్రాక్టరు హుడ్లు, లారీ టార్పాలిన్లు కుట్టే షాపు అది. రేకుల షెడ్డు, మోటారు బిగించిన బరువైన కుట్టు మిషను, గోడకు చుట్టలు చుట్టలుగా క్యాన్వాసు, రెగ్జిను. మేస్త్రి మా మాట సాంతం విన్నాడు. ఫోనులో సీఎల్‌ఈ టాపు మడుచుకునే వీడియో చూపిస్తే ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూశాడు. తర్వాత లోపలికెళ్లి ఎవరో మార్పించుకుని వదిలేసిన పాత జీపు టాపు తెచ్చి నేల మీద పరిచాడు.

‘‘ఇటు చూడండి. ఇన్నేళ్లు ఎండలో ఉంది, ఇక్కడ గుడ్డ బానే ఉంది. పోయిందెక్కడ? ఇదిగో, బద్దీ దగ్గర. గుడ్డ చిరగదండి, మడత చిరుగుద్ది.’’

చెయ్యి పెట్టి చూశాను. పైభాగం రంగు వెలిసింది తప్ప గట్టిగానే ఉంది. ఇనప కమ్మీ మీద రోజూ వంగిన చోట పోగులు లేచి, వేలు దూరేంత సందు పడింది. కుట్టు వెంబడి నీరు దిగిన తెల్లటి చార కనిపించింది. సూది పోయిన ప్రతి కన్నం నీటికి దారేనట, అందుకే దారానికి మైనం పట్టిస్తానన్నాడు. వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపు తిరిగి, అవతలేముందో కనిపించడం లేదు. కొత్త కార్లలో అక్కడ గాజు అద్దమే ఉంటుందని, గుడ్డ కూడా పొరలు పొరలుగా ఉండి చప్పుడును ఆపుతుందని చెప్పాను. తలూపి, ‘‘నీళ్లు ఎటు పోతాయండి మరి?’’ అన్నాడు.

ఇంత సూటి ప్రశ్న ఏ షోరూములోనూ వినలేదు. టాపు అంచున పడ్డ నీరు లోపలి కాలవల్లో దిగి, సన్నటి గొట్టాల ద్వారా కారు కిందికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులో దుమ్మో అడ్డుపడితే నీరు డిక్కీలోకో సీటు కిందికో వస్తుంది. ఎలక్ట్రానిక్ పెట్టెలు కొన్ని ఉండేదీ అక్కడే. కొల్లేటి గాలికి తేమ ఎలాగూ ఎక్కువ, దానికి తోడు తడిసిన టాపును అలాగే మడిచి రాత్రంతా ఉంచితే బూజు పడుతుంది. మేస్త్రి ఇంకొకటి కలిపాడు. ‘‘మేత గోడౌను పక్కన మాత్రం పెట్టకండి. ఎలకలు ముందు గుడ్డే కొరుకుతాయి.’’ బావ ముఖం చూశాను. కారు పెడదామనుకున్న కొత్త షెడ్డు తవుడు గోడౌనుకు ఆనుకునే ఉంది. ఎలకల నష్టానికి ఇన్సూరెన్సు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం చదివాకే సంతకం పెట్టమన్నాను.

ఇనప టాపు ఉంటే ఈ బాధలుండవు కదా అన్నాడు బావ. ఉండేవి అలాంటివి. 2001లో వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కీ, దాని తర్వాతిదానికీ మడత పడే లోహపు టాపులే. 2009 నాటి జడ్4కీ అంతే. రెండు కంపెనీలూ దాన్ని వదిలేసి మళ్లీ గుడ్డకే వచ్చాయి. లోహపు పలకలు బరువు, పైగా మడిస్తే డిక్కీ అంతా మింగేస్తాయి. 2021లో కొత్త ఎస్‌ఎల్ చూపించినప్పుడు గుడ్డ టాపుతో 21 కిలోలు తగ్గాయని మెర్సిడెస్ చెప్పుకుంది. ఆ బరువు తగ్గేది కారు నెత్తి మీద కాబట్టి మలుపుల్లో ఒరుగుడు కూడా తగ్గుతుంది. ఈ సంగతి విన్నాక మేస్త్రి ముఖంలో కనిపించిన తృప్తి నాకు నచ్చింది. అతను రోజూ చేసే పనికి జర్మనీ ఇంజనీర్లు తిరిగొచ్చారు మరి.

అక్కడి నుంచి బావ పాత బొలెరోలో ఆటపాక వైపు, ఆ తర్వాత గట్ల మీదికి వెళ్లాం. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద, అటవీశాఖ నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద బారులుగా కూర్చున్నాయి. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కారు పెట్టడానికి మాత్రం ఆ చెట్ల నీడ పనికిరాదు. పక్షి రెట్ట రంగునే తినేస్తుంది, గుడ్డ మీద పడి ఎండితే మరక పోదు. గట్టు దగ్గర టేపు పెట్టి రోడ్డు గుంటలు, స్పీడ్ బ్రేకరు ఎత్తు కొలిచాం. జడ్4 కడుపు నేలకు నాలుగున్నర అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. చెరువు గట్టు మీదికి అది రాదు, రాకూడదు. ఇంటి నుంచి పెద్ద రోడ్డు ఎక్కే దారిలో ఉన్న బ్రేకరు ఒక్కటి చాలు దాని కింద గీతలు పడటానికి.

ఏలూరు రోడ్డు సంగతి వేరు. ఆ దారి కొల్లేటిలోంచే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లన్నీ చివరికి కొల్లేటికే చేరాయి. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. రోడ్డు మీద నీరు పారి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి ఊరికి తగిన కన్వర్టిబుల్ ఒకటి వచ్చింది, పోయింది. 2018 మార్చిలో రేంజ్ రోవర్ ఇవోక్ కన్వర్టిబుల్ మన దేశంలో 69.53 లక్షలకు దిగింది. అర మీటరు నీళ్లలో నడవగలదని కంపెనీ లెక్క, నాలుగు సీట్లు, ఎత్తయిన బండి. తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా టాపు మోటార్లకు, రబ్బరు సీళ్లకు ఎన్నాళ్లు ఎదురుచూడాలో తెలియని బండిని నేను బావకు కట్టబెట్టలేను. గుడ్డ టాపు థార్ మాటా వచ్చింది. 2020 అక్టోబరు 2న వచ్చిన ఆ బండి కడుపు నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, 650 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుంది. ఈ నేలకు అంతకన్నా తగిన ఓపెన్ బండి లేదు. ‘‘మన సూపర్‌వైజరు తిరిగేది థార్‌లోనే రా. ఇది నా ముచ్చట’’ అన్నాడు బావ. ముచ్చట అన్నాక వాదించడం నాకు ఇష్టం లేకపోయింది.

సాయంత్రం అక్క కాఫీ ఇచ్చి, అసలు మాట అంది: ‘‘రెండు సీట్ల కారయితే మీ బావ ఒక్కడే పోవాలి. ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కళ్లే కారెక్కడం ఎప్పుడైనా చూశావా?’’ చూడలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లినా, హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లినా నలుగురు మనుషులు, ఒక థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసిన చేపలు. జడ్4కి 281 లీటర్ల డిక్కీ ఉంది, టాపు తీసినా తగ్గదు, కానీ మనుషులకు చోటు లేదు. ఎస్‌ఎల్ వెనక సీట్లు అయిదడుగుల లోపు వాళ్లకేనని కంపెనీయే చెబుతుంది. సీఎల్‌ఈలో పెద్దవాళ్లు నలుగురు కూర్చోవచ్చు. దాని డిక్కీ టాపు మూస్తే 385 లీటర్లు, తీస్తే 295. చేపల పెట్టె ఉన్న రోజు టాపు మూసుకునే పోవాలి. ఐసు కరిగిన నీరు కార్పెట్టులో ఇంకితే ఆ వాసన కారును వదలదు కాబట్టి పెట్టె కింద అంచులున్న రబ్బరు ట్రే ఉండాల్సిందే.

ఈ మూడింటిలో నాకు మనసైనది జడ్4 ఇంజను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నడిపినప్పుడు దిగబుద్ధి కాలేదు. అయినా బావకు సీఎల్‌ఈ చెప్పాను. టాపు మూసినప్పుడు అందులో మాట మెల్లగా మాట్లాడినా వెనక సీటుకు వినిపిస్తుంది. ఎండను తిప్పికొట్టే తోలు సీట్లకు వాడారు, మామూలు తోలు కన్నా 12 డిగ్రీల దాకా తక్కువ వేడెక్కుతుందంటారు. టాపు తీసినప్పుడు మధ్య స్క్రీను మీద ఎండ పడి కనిపించకపోతే దాన్ని మీటతో నిలువుగా లేపుకోవచ్చు. ముందు అద్దం అంచున పైకి లేచే పలక, వెనక సీట్ల వెనక లేచే జల్లెడ కలిసి గాలిని తల పైనుంచి పోనిస్తాయి. చీర కట్టుకున్న వాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. మెడకు వెచ్చటి గాలి ఊదే ఏర్పాటూ ఉంది. అది కైకలూరులో ఎవరికీ అక్కర్లేదు. సీట్లలోంచి చల్లగాలి వచ్చే సదుపాయం ఉందో లేదో మాత్రం ఆర్డరు కాగితం మీద రాయించుకోమన్నాను. స్టెప్నీ సంగతి కూడా. గట్ల దారిలో టైరు చీలితే పంక్చరు ద్రావకం పని చేయదు.

ఇక మిగిలింది బండిని స్వయంగా చూడటం. బావ నా ముందే షోరూముకు ఫోను చేశాడు. మంగళవారం సాయంత్రం చల్లబడ్డాక రమ్మన్నారు అవతలి వాళ్లు. ‘‘వద్దండి, మిట్టమధ్యాహ్నం వస్తాను. బండి గంట సేపు ఎండలో ఉంచండి. టాపు తియ్యొద్దు’’ అన్నాడు. ఏసీ ఎంత సేపటికి చల్లబరుస్తుందో చూస్తాడట. టాపు మూసి గొట్టంతో నీళ్లు కొట్టించి, డిక్కీలో కార్పెట్టు కింద చెయ్యి పెట్టి తడి చూస్తాడట. తర్వాత టాపు తీసి ఒక బ్రేకరు మీదికి ఏటవాలుగా ఎక్కించి, ముందు అద్దం ఫ్రేము, లోపలి మిర్రరు ఎంత ఊగుతాయో చూడమని నేను చెప్పాను. పైకప్పు లేని బాడీ గట్టిదనం అక్కడే తెలుస్తుంది.

అంతా విన్న మా మేనత్త, అంటే బావ వాళ్లమ్మ, అరుగు మీంచి అడిగింది: ‘‘తలుపులు రెండే అంటున్నారు, నేను వెనక్కి ఎలా ఎక్కేదిరా?’’

ముందు సీటు వంచి, సందులోంచి వెనక్కి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది తేలికైన పని కాదు. బావ ఫోను మళ్లీ తీసి, ఇందాకటి నంబరుకే చేశాడు. మంగళవారం కాదు, గురువారం వస్తామని, అమ్మను కూడా తీసుకొస్తున్నామని చెప్పాడు.