సేవ్ కొట్టిన పాపం

తిరుపతిలో ఒకప్పుడు హార్డ్‌కోర్ టెక్నో లేబుల్ ఉండేదంటే ఎవరూ నమ్మరు. లేబుల్ అనడం కూడా పెద్దమాటే. కొర్లగుంటలో మేడ మీద ఒక గది, సెకండ్ హ్యాండ్ కంప్యూటరు, సీడీ రైటరు, నేనూ నా స్నేహితుడూ. గంగమ్మ జాతరకీ వినాయక చవితి ఊరేగింపులకీ బాక్సులు పెట్టేవాళ్ళకు సీడీలు కొట్టి ఇచ్చేవాళ్ళం. రిజిస్ట్రేషన్ లేదు, బిల్లు లేదు. డిస్కు మీద మార్కర్‌తో గీకిన నంబరూ మా ఇద్దరి డీజే పేర్లూ తప్ప మరో అక్షరం లేదు. అదే అండర్‌గ్రౌండ్ అని మురిసిపోయాం.

ఈ పిచ్చి ఆస్ట్రేలియా నుంచి అంటింది. మా పెద్దమ్మ కొడుకు చదువుకోడానికి న్యూక్యాజిల్ పోయి, వస్తూ వస్తూ బ్లడీ ఫిస్ట్ రికార్డ్స్ పాటలు డిస్కులో ఎక్కించుకొచ్చాడు. న్యూక్యాజిల్ బొగ్గుకీ ఉక్కుకీ పేరుపడ్డ ఊరు. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. మార్క్ న్యూలాండ్స్ 1994లో అక్కడ పెట్టిన ఈ లేబుల్ 2004 దాకా నడిచింది. ఆయన జట్టు నాసెన్‌బ్లూటెన్ పెద్ద స్టూడియో మొహం చూడకుండా, పాత అమిగా కంప్యూటర్ల మీదే ఆ మోతంతా పుట్టించింది.

హార్డ్‌కోర్ కిటుకు చెప్పుకుంటే చిన్నదే. దరువు నిమిషానికి 160 దాటి 200 దాకా పరిగెడుతుంది. డ్రమ్ము శబ్దాన్ని మిషను పట్టలేనంత పెంచుతారు. శబ్దపు అల కొన తెగిపోయి పైన బల్లపరుపుగా మిగులుతుంది. అప్పుడది దరువులా వినపడదు, గర్జిస్తుంది. 1990 ప్రాంతంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఆ తర్వాత రొటెర్‌డామ్‌లో కుర్రాళ్ళు రోలాండ్ టీఆర్-909 దరువుని పట్టి చేసింది ఇదే. మొదటిసారి విన్నప్పుడు నాకు మాత్రం గుర్తొచ్చింది పలకలు. జాతరలో వేషగాడికి పూనకం తెప్పించే పలక డప్పులు.

చంద్రగిరి పక్కన ఒక దళితవాడ నుంచి నలుగురు పలకల వాళ్ళను పిలిపించాం. మైకు పెట్టగానే కొడతారనుకున్నాం. పెద్దాయన ఒప్పుకోలేదు. కిందికి దిగి వరిగడ్డి మంటేశాడు. పలకని సెగ మీద తిప్పుతూ, వేళ్ళతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ సెగకి పట్టి, తోలు ఖంగుమనేదాకా ఎవర్నీ పుల్ల ఎత్తనివ్వలేదు. "చల్లారిన పలక పలకదు నాయనా" అన్నాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళు కొట్టింది నేను సరిగ్గా విననేలేదు. కళ్ళన్నీ స్క్రీన్ మీద మీటరు మీదే. ఆ రోజు కూలీ, బిర్యానీ పొట్లాలు ఇచ్చి పంపేశాం. పేర్లు అడిగాం. రాసుకోలేదు.

రాత్రికి పని మొదలైంది. 16 బిట్ల ఫైల్లో అల 32,767 దగ్గర ఆగిపోతుంది, ఆపైన చోటు లేదు. మేం పలకల మోతని ఎత్తి ఎత్తి ఆ గోడకేసి కొట్టాం, దరువు 175కి తోశాం. అబ్బ, అదిరింది! అదే ఫైలు మీద సేవ్ కొట్టాం. వేరే పేరుతో దాచాలని తట్టలేదు. కొన తెగిన అలకి ఆ కొనని ఉన్నదున్నట్టు మళ్ళీ తెప్పించే విద్య లేదు. ఆ తర్వాత డిస్కులో జాగా లేదని ఆ ఫైలూ తీసేసి, 128 కేబీపీఎస్ ఎంపీ3 మాత్రం ఉంచుకున్నాం. మాది 40 జీబీ హార్డ్ డిస్కు. అమిగా ఫ్లాపీ 880 కేబీ. అంత ఇరుకులో కూడా, అమిగాలో పాటలు కట్టే ప్రోట్రాకర్ ఫైల్లో వాడిన ఒక్కో శబ్దమూ దరువుల వరసతో కలిసిపోకుండా విడిగా నిలుస్తుంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ళకి పెద్దాయన కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. నాయన పోయాడట, ఆయన కొట్టింది ఉంటే వినాలని. పెట్టాను. కాసేపు విని, "మా నాయన ఇంత స్పీడుగా యాడ కొట్టేవాడన్నా? ఇది మిషను గదా" అన్నాడు. ఏమీ చెప్పలేకపోయాను.

హార్డ్‌కోర్ వాళ్ళూ అసలు పేర్లు దాచుకుంటారు కదా అని చాన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఆ సాకు నిలవదు. జాతర కథలో పాలెగాడిని పట్టడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టింది: బైరాగి, బండ, తోటి, చివరికి దొర. కట్టింది తనే, తీసింది తనే. నాసెన్‌బ్లూటెన్ అన్నదీ అలాంటి వేషమే. పలకల వాళ్ళు ఏ వేషమూ అడగలేదు. ఊళ్ళో చావుకీ జాతరకీ పిలిచి, పని కాగానే మరిచిపోయే పెద్దకులాల అలవాటుకి మేం ఇంగ్లీషు పేరు పెట్టుకున్నామంతే. కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డింగు మీద తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా, హక్కుదారు పేరు, తొలి విడుదల సంవత్సరం ఉండాలి. వాయించినవాళ్ళ హక్కు 1994 సవరణతో వచ్చి, 1999లో 50 ఏళ్ళకి పెరిగింది. పోలీసులకి దొరక్కుండా ఉంటే చాలనుకున్నాం కానీ, ఆ చట్టంలో పలకల వాళ్ళకేముందో చూడలేదు.

తిరుమల కొండ మీద చూస్తే, అన్నమయ్య రాగిరేకుల్లో కీర్తన పైన రాగం పేరుంటుంది. ఆయన శక 1346 నుంచి 1424 దాకా పాడాడని రేకే చెబుతుంది. పాత బాణీలు మాత్రం పోయాయి, ఈ కాలం వాళ్ళు కొత్తగా కట్టుకున్నారు. పాడినవాడెవడన్న తగాదా అయితే లేదు. ఆ రేకులున్న ఊళ్ళోనే పుట్టి, నాలుగు పేర్లు రాయడానికి మాకు పెన్ను దొరకలేదు.

2024 డిసెంబరులో 'పుష్ప 2' సినిమా వచ్చాక గంగమ్మ జాతర బీట్లకి గిరాకీ పెరిగింది. పెన్‌డ్రైవులు పట్టుకుని కుర్రాళ్ళు వచ్చారు. పెద్దాయన పేరు కొడుకు చెప్పగా రాసుకున్నాను, మిగతా ముగ్గురివీ కనుక్కొస్తే ఫైలు ఇస్తానన్నాను. "పేర్లెందుకన్నా, బీటు ఇయ్యి చాలు" అని చాలామంది పోయారు. ఒకడు మాత్రం బండేసుకుని చంద్రగిరి పోయి ఇద్దరి పేర్లు ఇంటిపేర్లతో సహా పట్టుకొచ్చాడు. మూడో ఆయన బెంగుళూరులో వాచ్‌మన్‌గా ఉన్నాడంటున్నారు. నంబరు కోసం తిరుగుతున్నాం.