రాతి నీడన మనసుకు మందు!

నైజీరియాలోని లాగోస్‌ నుంచి ఉత్తరంగా దాదాపు వంద కిలోమీటర్లు వెళితే అబెయొకుటా వస్తుంది. యొరుబా భాషలో ఆ పేరుకు 'రాతి కింద' అని అర్థం. 1830 ప్రాంతంలో యుద్ధాలకు భయపడి పారిపోయి వచ్చిన ఎగ్బా ప్రజలు ఇక్కడి ఒలుమో కొండరాయి కింద తలదాచుకున్నారు. అలా పుట్టిన ఊరిది. పర్యటకులు ఆ రాయెక్కి ఊరంతా చూసి, నీలిరంగు 'అదిరె' బట్టలు కొనుక్కుని వెళ్తుంటారు. ఊరి శివారులోని అరోకి వచ్చేవాళ్లు మాత్రం వేరు. అక్కడున్నది మానసిక వైద్యశాల.

మానసిక రోగులను నాలుగు గోడల మధ్య పెట్టి తాళం వేసే రోజుల్లో, 1954లో, ఆ పద్ధతిని కాదన్నారు డాక్టర్‌ థామస్‌ అడెయోయే లాంబో. ఈ ఊళ్లోనే పుట్టి, బ్రిటన్‌లో చదువుకొచ్చిన ఆయన రోగులను చుట్టుపక్కల పల్లెల్లోని రైతుల ఇళ్లలో ఉంచారు. షరతు ఒక్కటే... ఇంటిమనిషి ఒకరు తోడుండాలి! ఆసుపత్రికెళ్లి వైద్యం చేయించుకోవడం, మిగతా సమయం పల్లె జనంతో గడపడం... ఇదీ వాళ్ల దినచర్య. నాటువైద్యులనూ ఆయన దూరం పెట్టలేదు.

ఆ నాటువైద్యులు వాడిన వేరు ఒకటి మనకూ చుట్టమే. అది మన సర్పగంధ జాతి మొక్కది. మతి చలించినవారికి మన ఆయుర్వేదంలో సర్పగంధ వేరు ఇచ్చినట్లే, యొరుబా వైద్యులు అక్కడి మొక్క వేరు ఇచ్చేవారు. సర్పగంధ నుంచి 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. అదే ఏడాది పారిస్‌ వైద్యులు క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక రోగులకు వాడి చూశారు.

ఆ క్లోర్‌ప్రోమజిన్‌, దాని తర్వాత వచ్చిన హాలోపెరిడాల్‌ ఆఫ్రికా ఆసుపత్రుల్లో నేటికీ కనిపిస్తాయి. కారణం, ధర. అక్కడ చాలామంది మందుల ఖర్చు సొంత జేబులోంచే పెట్టుకోవాలి. దూరాభారం మరో కారణం. రోజూ మాత్ర మింగడం కుదరనివారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఫ్లూఫినజిన్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు. ఈ పాత మందులతో ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం మామూలే. అందుకు విరుగుడుగా ఇంకో మాత్ర రాస్తారు. అలా చీటీలో మందుల వరస పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఒలాంజపిన్‌ లాంటి కొత్తవి జనరిక్‌ రూపంలో వచ్చాక కొంత మార్పు వచ్చింది. వాటితో వణుకు తక్కువే కానీ, బరువు, మధుమేహం మీద కన్నేసి ఉంచాలి.

నైజీరియాలో 1958 నాటి పాత చట్టం స్థానంలో మానసిక ఆరోగ్యానికి 2023లో కొత్త చట్టం వచ్చింది. అయితే పాత మందైనా కొత్త మందైనా, కాస్త నెమ్మదించగానే 'తగ్గిపోయిందిలే' అని మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. మాత్ర వేసుకున్నారా అని అడగడానికి, చేతుల వణుకు గమనించి డాక్టరుకు చెప్పడానికి పక్కన మనిషుండాలి. తోడు లేనిదే చేర్చుకోనని లాంబో పెట్టిన షరతు ఇప్పటికీ అవసరమే... అక్కడైనా, ఇక్కడైనా!