కుడివేపు పైమూల చుక్క

సినిమా పత్రికలకి రాస్తాననగానే ఎవరయినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే - "ఏ హీరోని కలిశారు?" కలిశాను లెండి, చాలామందినే. కానీ బ్రతుకుతెరువుకి పనికొచ్చే మాట నాకు దొరికింది మాత్రం ఓ ప్రొజెక్టర్ ఆపరేటర్ దగ్గర. ఆయన మా మేనమామ కావడం నా అదృష్టం.

పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ చిన్న టౌను. 1990ల చివరి మాట. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళితే నేను సినిమా చూసేది నేల క్లాసులోనూ కాదు, బాల్కనీలోనూ కాదు. క్యాబిన్ గోడకున్న చిన్న కంతలోంచి! లోపల కొలిమే. ఎదురెదురుగా పెట్టిన కార్బన్ కడ్డీల మధ్య పుట్టే వెలుగుతోనే బొమ్మ పడేది. అవి కాలి తరిగేకొద్దీ మధ్య దూరం సరిచేస్తూ వుండాలి. ఏమరితే తెర మసకబారేది. వెంటనే కిందనించి ఈలలు, ఆపరేటర్ని తిట్లు. సినిమా సాఫీగా నడిచినన్నాళ్ళూ అలాంటి మనిషొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు!

వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. మూడు గంటల సినిమా అంటే 16 వేల అడుగుల పైమాటే - పరిస్తే దాదాపు 5 కిలోమీటర్లు. రెండేసి రీళ్ళు కలిపి చుట్టినా ప్రతి 22 నిమిషాలకీ ఓ మెషీను ఆపి రెండోది అందుకోవాలి. ఎప్పుడో తెలిసేదెలా? తెర మీద కుడివేపు పైమూల ఓ చుక్క మెరుస్తుంది. వుండేది నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరోవంతు. అది కనబడగానే రెండో మెషీను మోటారు వెయ్యాలి. సుమారు 7 సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చాలి. హాల్లో ఎవ్వరికీ తెలియకూడదు.

అందుకని మావయ్య సినిమా చూసేవాడు కాదు, మూల చూసేవాడు. "ఆ తల్లి చచ్చిపోయే సీను ఎంత బావుందో!" అని అత్తయ్య కళ్ళొత్తుకుంటే, "అక్కడ ఆరో రీలు అయిపోతుందే" అనేవాడు.

ఫిలిం తెగినప్పుడు చూడాలి ఆయన్ని! హాలంతా కేకలు, మేనేజరు మెట్లెక్కి పరుగు. మావయ్య చేతులు మాత్రం తొందరపడేవి కావు. చిరుగు కత్తిరించి, అంచు మీది పూత గీకి, సిమెంటు రాసి, నొక్కి పట్టుకునేవాడు. "కేకలు విని అతుకు పెడితే మళ్ళీ ఆటలో సరిగ్గా అక్కడే తెగుతుందిరా" అనేవాడు నాతో.

2010 తరవాత డిజిటల్ ప్రొజెక్టర్లు వరసగా వచ్చేశాయి. రీలు పెట్టెల అవసరం పోయింది. అంతకు ముందే, పక్క టౌను హాలు మీద శాటిలైట్ డిష్షు బిగించిన రోజునించే, మావయ్య పొద్దున్నపూట ఓ స్నేహితుడి మోటారు వైండింగ్ షాపులో కూచోవడం మొదలెట్టాడు. హాలు యజమాని 'ఇక చాలు' అనేసరికి చేతిలో పని వుంది.

ఇదేదో మావయ్య తెలివితేటల కథ అనుకోకండి. పక్క వూరి ఆపరేటరూ ఆయనంత పనిమంతుడే. ఆయనా ఆ డిష్షు చూశాడు. కానీ ఆయనకి షాపున్న స్నేహితుడు లేడు. ఆ హాలు కల్యాణ మండపం అయ్యాక అక్కడే వాచ్‌మన్‌గా చేరాడు. చుక్క కనబడ్డం ఒకటే చాలదు. పక్కన రెండో మెషీనంటూ వుండాలి కదా!

నా చుక్క 2020లో కనబడింది. లాక్‌డౌన్లో, నేను ఎక్కువగా రాసే వారపత్రిక ఆగిపోయింది. రావలసిన పారితోషికం రాలేదు. ఇంటద్దె, నాన్న మందులు, ఇంట్లో "ఏదో ఒకటి చూసుకోరా" అని ఒకటే పోరు. తారల గురించి వున్నవీ లేనివీ రాసిపెడితే రోజుకి ఇంతని ఇస్తామని ఒకరు కబురుపెట్టారు కూడా. చెప్పొద్దూ, చెయ్యి చాచాలనిపించింది. అదే కేకలు విని పెట్టే అతుకు అని తోచి ఆగాను. బి.ఏ.లో నేర్చుకున్న ఇంగ్లీషు ఎటూ వుంది. మూడు నెలలు ఓ మిత్రుడి దగ్గర సబ్‌టైటిల్స్ రాయడం నేర్చుకున్నాను. ఆ మూడు నెలలూ ఇల్లు అమ్మ పెన్షను మీద నడిచింది - అదీ రెండో మెషీనే మరి.

మొదటి సినిమా చేతికొచ్చాక మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న - "ఒక్కో మాట తెర మీద ఎంతసేపు వుంచుతార్రా?"

"మహా అయితే 7 సెకన్లు మావయ్యా."

"ఏడా! బోలెడు టైము" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "డబ్బులు మాత్రం నెలనెలా ఇస్తున్నారా?" అనడిగాడు.