తోడివారి చదువు

మొన్న రాత్రి మా కోడలు సముద్రజంతువులను గూర్చిన యొక వ్యాసమును చదివి వినిపించెను. అది మొదలు నా మనస్సు తిమింగలములమీదనే యున్నది.

మూపురపు తిమింగలమనునది 40 అడుగులకు మించి పెరుగును. అంత జంతువునకు నోట నొక్క పన్నైనను లేదు! పైదవడనుండి జల్లెడవంటి పలకలు వ్రేలాడుచుండును. అది చేపలగుంపు క్రిందికి మునిగి, చుట్టును తిరుగుచు గాలిబుడగలను విడుచును. ఆ బుడగలు తెరవలె పైకి లేవగా చేపలు బెదరి, దాటనేరక, నడుమకు చేరును. అప్పుడది నోరు తెఱచుకొని నీటిమట్టమునకు వచ్చి, చేపలను నీటితోగూడ పుక్కిటబట్టును. గొంతు క్రింది ముడుతలు సంచివలె సాగును. పిదప నీటిని జల్లెడగుండ వెడలగొట్టి చేపలను మ్రింగును.

ఇంతవరకు వింతయే. నా మనస్సును కదలించినది వేఱొకటి. అమెరికా తూర్పుతీరమున మెయిన్ సింధుశాఖలో 1980వ సంవత్సరమున ఒక తిమింగలము, బుడగలు విడుచుటకు ముందు తోకతో నీటిని చఱచుట శాస్త్రజ్ఞులు చూచిరి. ఆ దినములలో అచ్చట హెర్రింగు చేపలు తగ్గిపోయి, ఇసుకలో దాగు సన్నచేపలు హెచ్చుగా నుండెను. 27 ఏండ్లలో అచ్చటి మూపురపు తిమింగలములలో మూడవవంతుకు మించి యీ విద్యను నేర్చెను. అవి ముఖ్యముగా తమతో తిరుగు తోడివానిని చూచియే నేర్చుకొన్నవని 2013లో పండితులు ప్రకటించిరి.

ఇది వినగానే నా సంగతి జ్ఞప్తికి వచ్చెను. మావారి యుద్యోగము పోయిన యేట ఇంట బియ్యము తఱచుగా నిండుకొనుచుండెడివి. ప్రక్కయింటి పిన్నిగారు రవికలు కుట్టి సంసారము నడుపుకొనుచుండిరి. నేర్పుమని యడుగుటకు నాకు అభిమాన మడ్డువచ్చెను. మా పుట్టినింట నెవరును కూలికి కుట్టి యెఱుగరు. మూడు మాసములు కిటికీనుండి ఆమె చేతులనే చూచుచుంటిని. తుదకు ఆమెయే, "అమ్మాయీ! చూచినది చాలును, లోనికి వచ్చి కూర్చుండుము" అనిరి. నా బిడ్డల చదువులు ఆ సూదిమొనమీదనే సాగినవి.

ఆమె యిప్పుడు లేరు. నిన్న ఎదురింటి కొత్తకోడలు పనియేమియు లేకయే మా గుమ్మమువద్ద రెండుమాఱులు నిలిచి, నా కుట్టుయంత్రమువైపు చూచి మరలిపోయెను. మూడవమాఱు వచ్చినప్పుడు కారణ మడుగక పీట వాల్చితిని.