బండిలో సిమ్ కార్డు ఎవరిది?



2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పట్నుంచి మన చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త బండ్లు బాగానే దిగుతున్నాయి. చిన్న కార్ల మీద కూడా తగ్గేసరికి పిల్లలు కారు మాట ఎత్తుతున్నారు. సంతోషమే. షోరూముకి వెళ్ళినవాళ్ళు హెచ్‌పీ ఎంత, గంటకు డీజిలు ఎంత తాగుద్ది, రోటోవేటరు లాగుద్దా, పాత బండికి ఎంత కడతారు, ఇవన్నీ అడిగి వస్తున్నారు. ఈ బండిలో సిమ్ కార్డు ఉందా, ఉంటే ఆ లెక్క ఎవరికి పోతుంది అని అడిగినవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

బండికి సిమ్ ఏంటి అనుకునేవాళ్ళ కోసం ముందు అది చెప్తాను. డాష్‌బోర్డు లోపల, బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే చిన్న పెట్టె ఒకటి ఉంటది. ఉపగ్రహాల సిగ్నలు పట్టుకుని బండి ఎక్కడుందో అది లెక్కగట్టుకుంటది. ఇంజను ఎప్పుడు స్టార్టయింది, ఎంతసేపు తిరిగింది, ఎంత స్పీడులో పోయింది, అన్నీ రాసుకుని సిమ్ ద్వారా ఎక్కడో ఉన్న కంప్యూటరుకి పంపుద్ది. కొన్ని బండ్లకు కంపెనీలోనే బిగించి వస్తాయి. మహీంద్రా వాళ్ళు డిజిసెన్స్ అని 2016లోనే తెచ్చారు, మిగతా కంపెనీలకూ ఇలాంటివి ఉన్నాయి. కొన్నిటికి అప్పిచ్చిన ఫైనాన్సు వాళ్ళు విడిగా బిగిస్తారు. కొన్ని పెట్టెలకు స్టార్టరు వైరు మధ్యలో రిలే కూడా పెడతారు. అది ఉంటే దూరం నుంచి మీట నొక్కి బండి మళ్ళీ స్టార్టవకుండా చెయ్యొచ్చు.

కార్లలో ఇంకా ఎక్కువ. బ్రేకు ఎంత గట్టిగా తొక్కాం, బెల్టు పెట్టుకున్నామా, మలుపులో ఎంత స్పీడుంది అనేవి కూడా రాసుకునే కార్లు ఉన్నాయి. ఫోను కారుకి కలిపితే ఫోన్లో నంబర్లు కారులోకి ఎక్కుతాయి. కారు అమ్మేటప్పుడు అవి తుడిచేసి అమ్మేవాళ్ళు ఎంతమంది?

గంటల మీటరు పాత ట్రాక్టర్లకీ ఉంది కదా, కొత్తేముంది అని మా బావమరిది అన్నాడు. గంటల మీటరు మన కళ్ళ ముందు ఉంటది. దాన్ని చూసే మెకానిక్కూ, మనమూ ఒకే అంకె చూస్తాం. ఈ పెట్టె చెప్పేది మనకు వినపడదు, అవతలివాడికి మాత్రమే వినపడుద్ది. తేడా అక్కడుంది.

నా సంగతి చెప్తాను. 2021లో 45 హెచ్‌పీ ట్రాక్టరు ఫైనాన్సులో తీసుకున్నాను. ఆరు నెలలకో వాయిదా, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. సంతకాల రోజున కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పెట్టె బిగించే కుర్రాడు "దొంగలెత్తుకుపోతే దొరుకుద్ది బాబాయ్" అన్నాడు. అది నిజమే కూడా. ఆ ఫైనాన్సు పేరు ఇక్కడ రాయను, దాని గొడవ కాదు నేను చెప్పేది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు సొంతం మూడెకరాలు, కౌలు ఐదు. కోసి పనల మీద ఉన్నది కొంత, నిలబడి ఉన్నది కొంత. కోసింది నీళ్ళలో తేలింది, నిలబడింది పడుకుంది. ఇక ఆ నెలంతా ట్రాక్టరుకి విశ్రాంతి లేదు. తడిసిన పనలు మెరకకి లాగడం, అక్కడ నుంచి రోడ్డు మీదికి చేర్చడం, మబ్బు పట్టగానే ఎండబోసిన ధాన్యం మళ్ళీ ఎత్తి పట్టాలు కప్పిన చోటికి తేవడం. నావే కాదు, మా అన్నవి, పక్క చేలవాళ్ళవి కూడా. ఆ సమయంలో కిరాయి అడిగే మొహం ఎవరికుంది? డీజిలు పోయించుకుని వెళ్ళాను, కొన్నిచోట్ల అదీ లేదు. బురదలో చక్రాలు గిరగిరా తిరుగుతూ పది నిమిషాల పని గంట పట్టేది. చివరికి ఆ ధాన్యం మొలకలొచ్చి, రంగు మారి, అడిగిన రేటుకి ఇచ్చుకున్నాం.

జనవరి వాయిదాకి ఒక నెల గడువు అడుగుదామని ఫోన్ చేశాను. అవతల కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్లో ఏదో చూసుకుని, "సార్, నవంబరులో మీ బండి 38 గంటలే తిరిగింది, డిసెంబరులో 131 గంటలు తిరిగింది. పని బాగా దొరికినట్టుంది కదా సార్, మీకు గడువు పెట్టడం కష్టం" అన్నాడు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. నష్టాన్ని మోసిన గంటల్ని వాళ్ళు సంపాదించిన గంటలుగా లెక్కేశారు. ఆ గంటలు ఏ తేదీల్లో, ఏ పొలాల్లో తిరిగాయో కాగితం తీసి ఇవ్వు బాబూ, తుపాను తేదీలు పక్కన పెట్టి చూపిస్తాను అన్నాను. "అది మా కంపెనీ డేటా సార్, కస్టమరుకి ఇవ్వం" అన్నాడు. బండి నాది, డీజిలు నాది, స్టీరింగు మీద చెయ్యి నాది. లెక్క మాత్రం వాళ్ళది, నాకు చూపించరు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి వాయిదా కట్టాను. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడి ముందు తెరమీద ఏముంటే అది చదివాడు. తెరమీద గంటలున్నాయి, వాన లేదు.

మా తాతల కాలంలో షావుకారు పుస్తకం ఇలాగే ఉండేది. రాసేది ఆయనే, చదివేది ఆయనే. అందుకే మనవాళ్ళు ఒక పద్ధతి నేర్చుకున్నారు: డబ్బు కట్టినప్పుడల్లా ప్రోనోటు వెనక చెల్లు వేయించుకోకుండా లేచి వచ్చేవాళ్ళు కాదు. చదువు రానివాళ్ళు కూడా కరణంగారినో పంతులుగారినో పక్కన కూర్చోబెట్టుకుని వేయించుకునేవారు. ఇవాళ అందరికీ చదువొచ్చింది, చేతిలో ఫోనుంది. ఈ పెట్టె లెక్కకి చెల్లు వేయించుకునే దారే లేదు.

ఇది మన ఒక్కళ్ళ గొడవ కూడా కాదు. మా అన్న కొడుకు అమెరికాలో ఉంటాడు, నా సంగతి విని అక్కడి కార్ల వార్తలు పంపాడు. చదివితే మనం నయమనిపించింది. మొజిల్లా ఫౌండేషన్ అనే సంస్థ 2023లో 25 కార్ల బ్రాండ్ల షరతుల కాగితాలు చదివితే ఒక్కటి కూడా పాసు కాలేదు. డ్రైవరు సమాచారాన్ని బయటివాళ్ళకి ఇస్తాం లేదా అమ్ముతాం అనే వీలు పెట్టుకున్నవి 84 శాతం. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఇంకో సంగతి బయటపెట్టింది. జనరల్ మోటార్స్ కారు నడిపే ఒకాయనకి ఇన్సూరెన్సు 21 శాతం పెరిగింది. యాక్సిడెంటు ఒక్కటీ చెయ్యలేదు. ఎందుకా అని ఆరా తీస్తే లెక్సిస్‌నెక్సిస్ అనే కంపెనీ దగ్గర ఆయన మీద 258 పేజీల నివేదిక ఉంది. ఆరు నెలల్లో 640 ప్రయాణాలు, ఎప్పుడు బయల్దేరాడు, ఎప్పుడు చేరాడు, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేశాడు, అన్నీ. దాని మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య తీసుకుంది. అలాంటి నివేదికలు తయారుచేసే సంస్థలకు డ్రైవర్ల వివరాలు ఇవ్వకుండా జనరల్ మోటార్స్ మీద ఐదేళ్ళ నిషేధం. కుక్క అడ్డమొస్తే బ్రేకు వేసినవాణ్ణి కూడా ఆ లెక్క దూకుడు మనిషి అనే రాసుకుంటది. నా 131 గంటల్లాగే.

మనకు రాదు లెమ్మనుకోకండి. కారు ఎన్ని కిలోమీటర్లు నడిపావు, ఎలా నడిపావు అన్నదాన్ని బట్టి ప్రీమియం కట్టే పద్ధతికి మన ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2022 జూలైలోనే ఒప్పుకుంది. తక్కువ నడిపేవాడికి అది లాభమే, కాదనను.

మంచి వైపు కూడా చెప్పాలి. 2022లో ఉక్రెయిన్‌లో మెలిటోపోల్ ఊళ్ళో రష్యా సైనికులు జాన్ డీర్ డీలరు దగ్గర ట్రాక్టర్లు, కోత మిషన్లు ఎత్తుకుపోయారు. వందల కిలోమీటర్ల అవతలికి తోలుకుపోయాక చూస్తే అవి పనిచెయ్యలేదు, దూరం నుంచే ఆపేశారు. నాకూ సంతోషమేసింది. కానీ రాత్రి పడుకున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. దొంగ చేతిలో బండిని ఆపగలిగినవాడు, దమ్ము మధ్యలో వాయిదా తప్పిన రైతు బండినీ ఆపగలడు కదా.

ఇంకో సంగతి, ఇది మనకే తగులుద్ది. మా పక్క ఊళ్ళో ఒక ఆసామి కొత్త బండి యాప్ ఫోన్లో పెట్టుకున్నాడు. మంచిదే, లెక్క అతని చేతిలోనే ఉంది. కానీ డ్రైవరు టీకి ఆగితే ఫోను, చెట్టు కింద అన్నం తింటుంటే ఫోను. ఆ కుర్రాడు పది రోజులు చూసి తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంగతి తెలిసి నా బండి నడిపే కుర్రాడు అడిగాడు: "బాబాయ్, మన బండిలో కూడా ఉందా? నేనెక్కడెక్కడ తిరిగానో తెలుస్తదా?" ఉంది అన్నాను, ఏమేం తెలుస్తుందో, అది నాకు కాక ఫైనాన్సుకి తెలుస్తుందో మొత్తం చెప్పాను. సీటు మీద కూర్చునేవాడికి ఆ మాట చెప్పడం మన బాధ్యత. కూలి ఇస్తున్నాం కదా అని అతని రోజంతా మనం కొనుక్కోలేదు.

చట్టం మాట. రిటైర్డ్ హైకోర్టు జడ్జి పుట్టస్వామి గారి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టారు, అంటే 2027 మధ్యకి. దాంట్లో మనకు పనికొచ్చేవి రెండు మాటలున్నాయి. మన వివరాలు తీసుకునే ముందు ఇచ్చే నోటీసు తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటికీ ఆ హక్కుంది. మన గురించి వాళ్ళ దగ్గర ఏముంది, దాన్ని ఎవరెవరికి ఇచ్చారు అని అడిగితే చెప్పాలి. ట్రాక్టరు గంటలు వ్యక్తిగత వివరాలు ఎలా అవుతాయని వాళ్ళు వాదించొచ్చు. బండి నా పేరు మీద ఉంది, అప్పు నా పేరు మీద ఉంది, ఆ గంటలు చూసే నాకు గడువు కుదరదన్నారు. ఇక అవి నా గురించినవి కాక ఎవరి గురించినవి?

అమెరికాలో కార్లకు యాక్సిడెంటు ముందు కొన్ని సెకన్ల లెక్క రాసుకునే పెట్టె ఉంటది. దానిమీద 2015లో వాళ్ళు చేసిన చట్టం ఒకటి నాకు నచ్చింది. అందులో ఉన్న వివరాలు బండి యజమానివి లేదా లీజుకు తీసుకున్నవాడివి అని సూటిగా రాసుకున్నారు. మన ట్రాక్టర్లకి అలాంటి ఒక్క వాక్యం చాలు.

కొత్త బండికి వెళ్ళేవాళ్ళు సంతకం పెట్టకముందే అడగండి: పెట్టె ఉందా, రిలే ఉందా, లెక్క ఎవరు చూస్తారు, నాకూ చూపిస్తారా, వాయిదాలయ్యాక విప్పుతారా. నోటి మాట వద్దు, కాగితం మీద రాయించుకోండి. పెట్టెను మీరే పీకేస్తే అగ్రిమెంటు తప్పినట్టు అవుద్ది, ఆ పని చెయ్యకండి.

నా ఆఖరి వాయిదా ఈ జూలైలో. ఎన్‌ఓసీతో పాటు పెట్టె విప్పి ఇమ్మని, ఐదేళ్ళ గంటల లెక్క తేదీలవారీగా ఇమ్మని, ఎవరెవరికి ఇచ్చారో చెప్పమని తెలుగులో ఒక అర్జీ రాసి పెట్టుకున్నాను. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకుంటాను. అర్జీ నమూనా కావాలన్నవాళ్ళు కింద రాయండి, ఫోటో తీసి పెడతాను. జవాబు వస్తే అదీ పెడతాను, రాకపోతే రాలేదని రాస్తాను.