సిస్టరమ్మ

బాచుపల్లిలో మా నాయనమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పెద్దలకూ పిల్లలకూ ఆమె "సిస్టరమ్మ". ఉస్మానియా దవాఖానలో ముప్పయ్యేడేళ్ళు నర్సుగా పనిచేసి 1998లో రిటైరయింది. ఎప్పుడో ప్రావిడెంట్ ఫండు డబ్బుతో కొన్న జాగాలో రెండు గదులు వేసుకుని ఇక్కడికి వచ్చేసింది. అప్పుడు మా ఇంటి చుట్టూ పొలాలే. ఇప్పుడు అపార్టుమెంట్ల నడుమ మా రెండు గదులు వెతుక్కోవాలి.

సూది కోసం వీధి అంతా ఆమె దగ్గరికే వచ్చేది. కానీ డాక్టరు చీటీ లేందే సూది లేదు. బతిమాలితే, "నేను డాక్టర్నయితే నీ దగ్గర ఫీజు గుంజకపోదునా? పో, చీటీ తే!" అని తరిమేది. చీటీ తెచ్చినవాణ్ణి కూచోబెట్టి, "మీ మామకు ఎన్నెకరాలు బిడ్డా?" అని అడిగేది. అతగాడు లెక్క తేల్చేలోగా దూది అద్ది, "ఇంక లే" అనేది. ఒక కండల వీరుడు మాత్రం సిరంజి చూడగానే కళ్ళు తేలేశాడు. వాడి పెళ్ళిలో ఆ సంగతి పెళ్ళికూతురికి చెప్పి వచ్చింది!

ఈ హాస్యం ఊరికే పుట్టింది కాదు. ఆమె చేరిన రోజుల్లో గాజు సిరంజీలు, మరగబెట్టి మళ్ళీ మళ్ళీ వాడే సూదులు. మొన మొద్దుబారితే రాయి మీద నూరేవారట. "ఇప్పటివి దోమకాట్లు. అప్పటివి దబ్బనాలు. నవ్వియ్యకుంటె ఎట్ల?" అనేది.

దవాఖాన ఆవరణలో మూసీ వైపు ఒక పాత చింతచెట్టు వుంది. 1908 వరదలో సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. "మాకంటె సీనియర్. జీతం అడగదు, లీవు పెట్టదు" అనేది దాన్ని. 2020 జూలైలో పాత భవనం వార్డుల్లోకి వాన నీళ్ళు వచ్చినప్పుడు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. "పేషంట్లను ఎక్కడ పండబెట్టిన్రు?" అని రాత్రి దాకా అడుగుతూనే వుంది. ఆ రోజు ఒక్క జోకూ లేదు.

మా నాన్న ఆమె జోకులకు పెద్దగా నవ్వేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "మీకు దొరికిన అమ్మ మాకు దొరకలే. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకునేది. లొల్లి చెయ్యొద్దని గుసగుసలతోనే పెరిగినం" అన్నాడు. సద్దుల బతుకమ్మ నాడు కూడా, బతుకమ్మను పేర్చి పక్కింటామె చేతికిచ్చి డ్యూటీకి పోయేదట.

అదే మాట నాయనమ్మను అడిగితే కాసేపు వత్తులు చేసుకుంటూ కూచుంది. "వానికి జరం లేకుండె కదా. అక్కడున్నోళ్ళకు వుండె" అంది. నాకు ఆ జవాబు బాగుంది. నాన్నకు బాగుండలేదు. ఎవరిది న్యాయమో నేను చెప్పలేను.

2023 వానాకాలంలో, ఎనభై మూడో యేట, ఆమెను దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. కొత్తగా చేరిన నర్సమ్మాయికి నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చింది, చేతులు వణుకుతున్నాయి. నాయనమ్మ కళ్ళు తెరిచి, "ఏ వూరు బిడ్డా మీది?" అంది. ఆ అమ్మాయి వూరు పేరు చెప్పింది. "మీ వూర్ల చెరువుందా? చేపలు పడతయా?" ఆ అమ్మాయి నవ్వింది. మూడోసారి సూది సరిగ్గా దిగింది.

ఆ రాత్రి నన్ను ఇంటికి పంపి నాన్నే మంచం పక్కన వున్నాడు. మధ్యరాత్రి ఆమె లేచి, "నీ డ్యూటీ ఎన్నింటి దాక?" అని అడిగిందట.

"పొద్దున ఎనిమిదింటి దాక" అన్నాడట నాన్న.

"అయితె మెల్లగ మాట్లాడు. పక్క బెడ్డాయన ఇప్పుడే పండుకున్నడు."

తెల్లవారి ఆరింటికి పోయింది. నాన్న ఎనిమిదింటి దాకా అక్కడి నుంచి లేవలేదు.